వ్యాపారిని ఏ పేరుతో పిలవాలి? షావుకారు నుంచి స్టాకిస్టు దాకా

మిర్చి యార్డులో కొట్టు నడిపే మనిషి ఒక్కడే. సరుకు తెచ్చిన రైతు "షావుకారు గారూ" అంటాడు. గోడకు తగిలించిన లైసెన్సులో "కమీషన్ ఏజెంటు" అని ఉంటుంది. ఊళ్లో ఏదైనా సభ జరిగితే మర్నాడు పేపర్లో అతని పేరు ముందు "ప్రముఖ వ్యాపారవేత్త" అని పడుతుంది. ధర పడిపోయిన రోజు అదే పేపరు "దళారులు" అని రాస్తుంది. మనిషి మారలేదు, మాట మారింది. మాటతో పాటు చెప్పిన విషయమూ మారింది. మొదటిది అప్పు సంబంధాన్ని చెబుతోంది, రెండోది చట్టం ముందు అతని హోదాని, మూడోది పరపతిని, నాలుగోది కోపాన్ని.

తెలుగులో వ్యాపారం చేసేవాళ్లకు ఇన్ని పేర్లు ఊరికే పుట్టలేదు. ఏ పేరు సరిపోతుందో తేల్చుకోవాలంటే మూడు సంగతులు అడిగితే చాలు. సరుకు ఎవరిది? ధర పడితే నష్టం ఎవరికి? అతని చేతికి వచ్చేది లాభమా, కమీషనా, వడ్డీయా? ఈ మూడూ తేలకుండా మాట వాడితే కబుర్లలో పెద్ద ఇబ్బంది రాదు. ఒప్పందంలోనో, పన్ను కాగితంలోనో, చిన్న సంస్థలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ నమోదులోనో అయితే డబ్బు పోతుంది.

వ్యాపారి, వర్తకుడు

"వ్యాపారం" అంటే సంస్కృతంలో మొదటి అర్థం పని, వ్యవహారం, ఒకదానిలో నిమగ్నమై ఉండడం. "మనోవ్యాపారం" అన్నప్పుడు ఆ పాత అర్థమే ఇప్పటికీ వినబడుతుంది. మనసు చేసే పని అని తప్ప మనసు అమ్మకం అని ఎవరూ అనుకోరు. "వ్యాపృతుడు" అంటే పనిలో మునిగినవాడు. కొనడం, అమ్మడం అనే అర్థానికి ఈ మాట తర్వాత కుదించుకుంది. ఆ వెడల్పు ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టే ఏ సందేహం ఉన్నా "వ్యాపారి" అనేయొచ్చు. బియ్యం అమ్మేవాడూ, బస్సులు తిప్పేవాడూ, ఫంక్షన్ హాలు నడిపేవాడూ అందులో ఇమిడిపోతారు. ఆడా మగా తేడా కూడా లేదు. "వ్యాపారి" బహువచనం "వ్యాపారులు".

"వ్యాపారస్తుడు" అనే రూపం మీద రాతలో తరచూ పేచీ వస్తుంది. "గృహస్థుడు"లో లాగా "స్థ" అంటే ఉన్నవాడు అని తీసుకుని "వ్యాపారస్థుడు" అని రాసేవాళ్లున్నారు. వాడుకలోనూ పత్రికల్లోనూ మాత్రం "వ్యాపారస్తుడు, వ్యాపారస్తురాలు" బాగా స్థిరపడ్డాయి. ఏది రాసినా పరవాలేదు గానీ ఒకే పత్రంలో రెండూ కలపకూడదు.

"వర్తకుడు" ఇంత వెడల్పు మాట కాదు. దాని వెనక ఉన్నది "వృత్" ధాతువు, అంటే బతుకు సాగడం, మెలగడం. "వార్త" కూడా అక్కణ్ణించి వచ్చిందే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వార్త అంటే కబురు కాదు: వ్యవసాయం, పశుపాలన, వాణిజ్యం మూడూ కలిపి వార్త. జనం బతుకుతెరువు గురించిన విద్య అన్నమాట. ఇప్పటి తెలుగులో "వర్తకుడు" అంటే సరుకు కొని, సరుకు అమ్మేవాడు మాత్రమే. ఆసుపత్రి యజమానిని వ్యాపారి అనొచ్చు (అంటే ఆయనకు కోపం రావచ్చు), వర్తకుడు అనలేం. అందుకే "టోకు వర్తకుడు", "చిల్లర వర్తకుడు", "వర్తక సంఘం" అనే జంటలు ఇంత సహజంగా కుదిరాయి. "కిరాణా వర్తక సంఘం" ఉంటుంది. "ట్యూషన్ వర్తక సంఘం" ఉండదు.

"వణిజుడు", "వణిక్కు" మాట్లాడే భాషలోంచి పోయి "వాణిజ్యం" ఒక్కటే మిగిలింది. సంస్కృత నిఘంటువు అమరకోశం వ్యాపారికి ఒక్క శ్లోకంలో వరసగా ఎనిమిది పేర్లు చెబుతుంది: వైదేహకుడు, సార్థవాహుడు, నైగముడు, వాణిజుడు, వణిక్కు, పణ్యాజీవుడు, ఆపణికుడు, క్రయవిక్రయికుడు. వీటిలోనూ పని తేడాలు కనిపిస్తాయి. సార్థవాహుడు బిడారును నడిపించేవాడు. ఆపణికుడు అంగట్లో కూర్చునేవాడు. ఓడ మీద వెళ్లే వర్తకుడికి అమరం మరోచోట "సాంయాత్రికుడు" అని వేరే పేరే పెట్టింది. ఆ పేరు ఎందుకు అవసరమైందో ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి శాసనం చదివితే అర్థమవుతుంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం అది. అంతకుముందు రాజులు, తుపానుకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా లాక్కునేవాళ్లని, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వర్తకుడిదేనని అందులో ఉంది. సుంకం ముప్పయ్యో వంతు. అంటే ఓడ వర్తకుణ్ని మిగతా వర్తకుల నుంచి వేరు చేసింది అతను మోసే ప్రమాదమే.

వణిక్కు మాట ఒకచోట మాత్రం మన ఒంటి మీదే ఉంది. గుజరాతీ వర్తకుల్ని పిలిచే "వాణియో" పోర్చుగీసు వాళ్ల నోట్లో పడి, ఇంగ్లీషులోకి వెళ్లి, బట్ట పేరై "బనియన్"గా తిరిగొచ్చింది.

బేరం అనే చిన్న మాట

"వ్యవహారం" తెలుగు నోట్లో నలిగి "బేహారం" అయింది, ఇంకా నలిగి "బేరం" అయింది. పాత తెలుగులో "బేహారి" అంటే వ్యాపారి. ఆ మాట పోయినా బేరం ఉంది. కొట్లో కూర్చున్నవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు, ఎందుకంటే సందర్భాన్ని బట్టి అది నాలుగైదు అర్థాలిస్తుంది.

"పొద్దుట్నుంచి బేరాల్లేవు" అంటే కొనేవాళ్లు రాలేదని. ఇక్కడ బేరం అంటే గిరాకీ. "మొదటి బేరం, పోనీయకండి" అంటే బోణీ అమ్మకం. "బేరం ఆడకుండా కొన్నావా?" అంటే ధర తగ్గించమని అడగడం. "బేరం కుదిరింది" అంటే ఒప్పందం. "బేరసారాలు జరుగుతున్నాయి" అనే మాటకు ఇప్పుడు రాజకీయ వార్తల్లోనే పని ఎక్కువ, అక్కడ దానికి లోపాయికారీ వాసన ఉంటుంది. రెండు కంపెనీల మధ్య జరిగే చర్చలకు "బేరసారాలు" అని రాస్తే చదివేవాళ్లు ఏదో తేడా ఉందనుకుంటారు. అక్కడ "సంప్రదింపులు" అనాలి. ఒకరి దగ్గర కొని వెంటనే మరొకరికి అమ్మేది "మారుబేరం". అలా చేసేవాణ్ని "మారుబేరగాడు" అంటే మెచ్చుకోవడం కాదు. పని ప్రకారం చూస్తే ప్రతి పంపిణీదారూ చేసేది అదే అయినా, ఈ మాటలో "సరుకుకి తను కలిపింది ఏమీ లేదు" అనే నింద ఉంది.

షావుకారు అప్పిస్తాడు

షావుకారు హిందీ, ఉర్దూల దారిన వచ్చిన మాట. అసలు రూపం "సాహుకార్", దాని మూలం సంస్కృత "సాధు". మంచివాడు, మాట తప్పనివాడు అనే అర్థం నుంచి ప్రాకృతంలో "సాహు" వర్తకుడికి పేరైంది. నమ్మి డబ్బు దాచుకోదగ్గ మనిషి, అడిగితే సర్దగలిగే మనిషి. తెలుగులో ఈ మాటకు రెండు అర్థాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. పల్లెలో కొట్టు పెట్టుకున్నవాడూ షావుకారే, వడ్డీకి డబ్బు తిప్పేవాడూ షావుకారే. చాలా ఊళ్లలో ఇద్దరూ ఒకరే కావడం వల్ల ఈ రెండు అర్థాల మధ్య గీత గీయాల్సిన అవసరం రాలేదు: కొట్లో ఖాతా పద్దు రాసుకుని, పంట రాగానే తీర్చమనే మనిషి అమ్మకందారూ అప్పిచ్చేవాడూ కూడా. తెలంగాణ పల్లెల్లో "సావుకారి", "సేటు" అని వినబడేదీ ఈ మనిషే. 1950లో విజయా వారు తీసిన సినిమాతో ఈ మాట ఒక నటి పేరు ముందు శాశ్వతంగా చేరిపోయింది. షావుకారు జానకిని ఆ మాట లేకుండా ఎవరూ తలుచుకోరు.

ఇంకో సంగతి. పైన చెప్పిన మాటలన్నిటిలో మనిషిని ఎదురుగా పిలవడానికి పనికొచ్చేవి చాలా తక్కువ. "వర్తకుడు గారూ" అని ఎవరూ పిలవరు. "వ్యాపారి గారూ" కూడా లేదు. "షావుకారు గారూ", "సేటూ" మాత్రమే నోటికి వస్తాయి. మొదటి రెండూ మనిషి గురించి చెప్పే మాటలు, తర్వాతివి మనిషితో చెప్పే మాటలు. రాసేటప్పుడు ఈ తేడా పట్టించుకోకపోతే సంభాషణ అచ్చంగా అనువాదంలా ఉంటుంది.

"శెట్టి" సంగతి వేరు. సంస్కృత "శ్రేష్ఠి", అంటే వర్తక శ్రేణికి పెద్ద. సేఠ్, శెట్టి, చెట్టి అన్నీ ఆ ఇంటివే. "శెట్టి సింగారించేలోపల పట్నం కొల్లబోయింది", "శెట్టి బలమా, పట్నం బలమా" అనే సామెతల్లో ఆ మాటకు వర్తకుడనే అర్థమే. ఇప్పుడది ఇంటి పేర్లలో, కులాల పేర్లలో స్థిరపడింది కాబట్టి వృత్తిని చెప్పడానికి వాడకూడదు. ఏ కులం పేరునైనా "వ్యాపారి"కి బదులుగా వాడడం తప్పు సమాచారం, పైగా అవమానం. వ్యాపారం చేసేవాళ్లందరూ ఆ కులం కారు, ఆ కులంలో అందరూ వ్యాపారం చేయరు.

సరుకు ఎవరిది?

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. మళ్లీ యార్డుకే వద్దాం. ఒక రైతు 10 క్వింటాళ్ల మిర్చి తెచ్చాడనుకుందాం. ధర క్వింటా 12,000. మొత్తం 1,20,000. కమీషన్ నూటికి 2 అనుకుంటే ఏజెంటుకి వచ్చేది 2,400. ఇతను సరుకు కొనలేదు, రైతు తరఫున అమ్మిపెట్టాడు. కొన్నది అవతలి వర్తకుడు. వారం తిరిగేసరికి ధర 11,500కి పడితే ఆ వర్తకుడికి 5,000 నష్టం, పైన కోల్డ్ స్టోరేజీ అద్దె. ఏజెంటుకి ఆ వారం ఇంకో 10 క్వింటాళ్లు వస్తే కమీషన్ 2,300. వంద రూపాయలు తగ్గింది, అంతే. ఒకరికి ధరతో పని, ఇంకొకరికి పరిమాణంతో పని. ఈ ఇద్దరినీ కలిపి "వ్యాపారులు సిండికేటయ్యారు" అని రాస్తే అసలు ఏం జరిగిందో చదివేవాడికి అర్థం కాదు.

గొడవ ఎప్పుడొస్తుందంటే, ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చున్నప్పుడు. రైతు తరఫున అమ్మాల్సిన ఏజెంటే బినామీ పేరుతో తను కొనుక్కుంటే, అమ్మేవాడికి ఎక్కువ ధర రావాలి, కొనేవాడికి తక్కువ ధర కావాలి, ఇద్దరూ తనే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దీన్ని ముందే ఊహించింది. అసలు యజమానికి విషయమంతా చెప్పి అనుమతి తీసుకోకుండా ఏజెంటు సొంతానికి వ్యవహారం చేస్తే, ముఖ్యమైన సంగతి దాచినా, దానివల్ల యజమానికి నష్టం జరిగినా, ఆ వ్యవహారాన్ని కాదనే హక్కు యజమానికి ఉంది (215వ సెక్షను). తనకు తెలియకుండా ఏజెంటు సొంతంగా చేసుకున్నదాంట్లో అతనికి మిగిలిన లాభాన్నీ అడగొచ్చు (216). ఆ ఏజెంటు దగ్గరే అప్పు ఉన్న రైతు ఇవన్నీ అడగగలడా అనేది వేరే ప్రశ్న. అందుకే పైన షావుకారు అర్థం గురించి అంతసేపు చెప్పుకోవాల్సి వచ్చింది.

"దళారి" అరబ్బీ "దల్లాల్" నుంచి వచ్చింది. దారి చూపేవాడు, ఇద్దరినీ కలిపేవాడు అని. ఇప్పుడు అది దాదాపు తిట్టు. "బ్రోకర్" సగం సగం: షేర్ బ్రోకర్ అంటే గౌరవమే, ఒట్టి బ్రోకర్ అంటే కాదు. తిట్టులా ఉంటుందని కొందరు ఒప్పందాల్లో "మధ్యవర్తి" అని రాస్తారు. అది ఇంకా పెద్ద పొరపాటు. చట్టం భాషలో మధ్యవర్తి అంటే తగువు తీర్చేవాడు. కమీషన్ ఇచ్చి సరుకు అమ్మించుకునే మనిషిని "కమీషన్ ఏజెంటు" అనే రాయాలి.

"ఏజెన్సీ" ఇంకో ఉచ్చు. ఊళ్లో బోర్డుల మీద ఎవరి పేరుతోనో "ఏజెన్సీస్" అని ఉంటుంది. "సబ్బుల ఏజెన్సీ తీసుకున్నాడు" అంటారు. నిజానికి అతను కంపెనీకి డబ్బు కట్టి సరుకు సొంతంగా కొంటున్నాడు. అంటే డిస్ట్రిబ్యూటరే గానీ ఏజెంటు కాడు. గడువు దాటిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకోకపోతే నష్టం అతనిదే. తలకిందులు ఉదాహరణ రేషన్ డీలరు: పేరు డీలరే, వచ్చేది క్వింటాకి ఇంత అని కమీషను.

కంపెనీ సరుకు దిగే గోడౌన్లలోనూ ఇదే తేడా. సీ అండ్ ఎఫ్ (క్లియరింగ్ అండ్ ఫార్వర్డింగ్) ఏజెంటు దగ్గరుండే సరుకు కంపెనీది. నిల్వ చేసి, పంపించి, ఫీజు తీసుకోవడం వరకే అతని పని. సూపర్ స్టాకిస్టు అదే సరుకుని సొంతంగా కొని డిస్ట్రిబ్యూటర్లకు అమ్ముతాడు. బయటనుంచి చూస్తే రెండూ ఒకేలాంటి గోడౌన్లు. అగ్గి అంటుకున్న రోజు తెలుస్తుంది: బీమా పాలసీ ఎవరి పేరున ఉండాలి, బ్యాంకుకి తాకట్టు పెట్టిన స్టాకు ఎవరిది అనే ప్రశ్నలకు ఈ రెండు మాటలే జవాబు. కోర్టుకెళితే పేరు ఒక్కటే చూడరు, ఒప్పందం సారాన్ని చూస్తారు. అందుకని పేరుతో పాటు సరుకు మీద హక్కు ఎప్పుడు మారుతుందో కూడా రాసుకోవాలి.

జీఎస్టీలో దీనికి సులువైన గుర్తు ఒకటుంది. 2018 సెప్టెంబరులో ఇచ్చిన వివరణ ప్రకారం, యజమాని తరఫున సరుకు అమ్మేటప్పుడు ఏజెంటు తన పేరు మీద ఇన్‌వాయిస్ ఇస్తే అతనికీ యజమానికీ మధ్య జరిగే సరుకు మార్పిడి కూడా జీఎస్టీ లెక్కలోకి వచ్చే సరఫరా కిందే లెక్క. యజమాని పేరు మీదే బిల్లు వెళ్తే అలా కాదు. కాబట్టి "నువ్వు ఎవరు?" అనే ప్రశ్నకు జవాబు బిల్లు పుస్తకం పైన అచ్చయిన పేరులో దొరుకుతుంది.

వర్తకుడి రాబడి గురించి మాట్లాడేటప్పుడు ఒక తికమక దగ్గర ఆగాలి. 80కి కొని 100కి అమ్మితే "నూటికి ఎంత మిగిలింది?" కొన్న ధర మీద చూస్తే 25, అమ్మిన ధర మీద చూస్తే 20. కంపెనీ ప్రతినిధి ఒక లెక్కలో చెప్పి, కొట్టువాడు ఇంకో లెక్కలో విని, నెలాఖరుకి గొడవపడడం మామూలు. దేని మీద శాతమో మొదటి రోజే అడగాలి.

ఫారంలో ఏ మాట పెట్టారు?

సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 చట్టం ఒక బలమైన రక్షణ ఇచ్చింది. సరుకు తీసుకున్నవాళ్లు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు; రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. అయితే ఇది తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకు. టోకు, చిల్లర వర్తకులను 2021 జులైలో ఉద్యమ్ నమోదులోకి మళ్లీ రానిచ్చినా, వాళ్లకు దక్కేది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. బాకీ వసూలు రక్షణ వర్తకుడికి రాదు.

దీంట్లో బోల్తా పడేవాళ్లు ఎవరంటే, సొంతంగా పచ్చళ్లు పట్టి, దానితో పాటు బయట కొన్న అప్పడాలు కూడా అమ్మే సంస్థల్లాంటివాళ్లు. నమోదు చేయించేటప్పుడు ఎవరో "ట్రేడింగ్" ఒక్కటే టిక్ పెట్టేస్తారు. ఆర్నెల్ల తర్వాత సూపర్ మార్కెట్ బిల్లు ఆపితే, "మీరు వర్తకులు కదా" అని అవతలివాళ్లు తప్పించుకుంటారు. తయారీ నిజంగా జరుగుతుంటే ఆ పనిని కూడా నమోదులో చేర్చాలి. తర్వాత సవరించుకునే వీలుంది, కానీ గొడవ రాకముందే సవరించుకోవాలి.

వేత్తలు, దారులు, ట్రేడర్లు

"వ్యాపారవేత్త" కొత్త మాట. వేత్త అంటే తెలిసినవాడు. శాస్త్రవేత్త, పారిశ్రామికవేత్త అనే అచ్చులో పోసింది. వాడుకలో దానికి చెప్పని నియమం ఒకటుంది: చిన్న కొట్టు ఉన్నవాడు వ్యాపారి, పెద్ద కారు ఉన్నవాడు వ్యాపారవేత్త. పని ఏమిటో ఈ మాట అసలు చెప్పదు. ఫ్యాక్టరీ ఉంటే "పారిశ్రామికవేత్త", సంస్థను మొదలుపెట్టినవాళ్లయితే "వ్యవస్థాపకుడు" లేదా "వ్యవస్థాపకురాలు", పనులు గుత్తకు తీసుకుంటే "గుత్తేదారు" అని రాస్తే చదివేవాళ్లకు ఒక సంగతి అదనంగా తెలుస్తుంది. "ప్రముఖ వ్యాపారవేత్త" అని రాసి వదిలేస్తే ఏమీ తెలియదు.

"పెట్టుబడిదారు" కూడా జాగ్రత్తగా వాడాల్సిన మాట. "పెట్టుబడిదారీ వ్యవస్థ" ద్వారా దానికి ఎర్రజెండా ఉపన్యాసాల రంగు అంటింది. షేర్లలో డబ్బు పెట్టే మామూలు మనిషికి ఆ మాట బరువైపోవడంతో పత్రికలు "మదుపు" నుంచి "మదుపరి"ని తీసుకొచ్చాయి. మంచి ఎంపిక, చిన్నది, మరక లేనిది. "వాటాదారు"కీ "భాగస్వామి"కీ మధ్య మాత్రం గందరగోళం ప్రమాదకరం. కంపెనీ మునిగితే వాటాదారుకి పోయేది సాధారణంగా షేరు డబ్బు. 1932 చట్టం కింది మామూలు భాగస్వామ్య సంస్థ మునిగితే భాగస్వామి ఇంటి ఆస్తి దాకా అప్పులవాళ్లు రావచ్చు. "నన్నూ వాటాదారుగా చేర్చుకున్నారు" అని సంబరపడేవాళ్లు సంతకం పెట్టింది భాగస్వామ్య పత్రం మీదేమో చూసుకోవాలి.

"ట్రేడర్" ఒకప్పుడు వర్తకుడికి ఇంగ్లీషు పేరు మాత్రమే. "ఫలానా ట్రేడర్స్" అని బోర్డు. ఇప్పుడు కుర్రవాళ్ల నోట్లో ట్రేడర్ అంటే ఫోన్లో షేర్లు కొని అమ్మేవాడు. సరుకు లేదు, గోడౌను లేదు, ఖాతాదారు లేడు. అయినా ఆదాయపు పన్ను లెక్కలో అతనిదీ వ్యాపారమే. ఒకే రోజు కొని, డెలివరీ తీసుకోకుండా అదే రోజు అమ్మే షేర్ల రాబడి "స్పెక్యులేటివ్ వ్యాపారం" కింద పడుతుంది. అందులో వచ్చిన నష్టాన్ని అలాంటి లాభంలోంచే తీసివేయాలి తప్ప, కిరాణా కొట్టు లాభంలోంచి తీసివేయడానికి కుదరదు. నాలుగేళ్ల దాకా ముందుకు మోసుకెళ్లొచ్చు, అంతే. పగలు కొట్టు, మధ్యలో ఫోను నడిపే వర్తకులు రెండు లెక్కలూ ఒకే ఖాతా పుస్తకంలో కలిపి రాస్తే, రిటర్ను వేసే రోజు ఆడిటరు వాటిని విడదీయడానికే ఎక్కువ గంటలు పడతాయి. బ్యాంకు ఖాతాలు మొదటి రోజు నుంచే వేరుగా పెట్టుకుంటే ఆ పని ఉండదు.